డాష్‌క్యామ్‌కి కరెంటు ఎక్కణ్ణుంచి: సాకెట్టా, జాయింటా, ఫ్యూజ్ ట్యాపా?

బెంగళూరులో కార్లున్న తెలుగువాళ్ళు నలుగురు కలిస్తే ఈమధ్య మాట డాష్‌క్యామ్ మీదికి, అంటే ముందు అద్దం దగ్గర పెట్టి రోడ్డుని రికార్డు చేసే కెమెరా మీదికి, మళ్ళుతోంది. ఏ కెమెరా కొనాలో అందరూ చెప్తారు. దానికి కరెంటు ఎక్కణ్ణుంచి తీయాలంటే మాత్రం "షాపులో చూసుకుంటార్లే" అని వదిలేస్తారు. నాకైతే కెమెరా ఎంపిక కంటే ఇదే ముఖ్యం.

ముందు ఒక్క సంగతి తేల్చుకోండి: ఇంజిన్ ఆపి తాళంచెవి తీసేశాక కూడా కెమెరా పనిచేయాలా? అక్కర్లేదంటే సిగరెట్ లైటర్ సాకెట్ చాలు. కెమెరా వాడుకునేది మహా అయితే పది వాట్లు, అంటే 12 వోల్టుల దగ్గర ఒక యాంప్ లోపే. సాకెట్ ఫ్యూజ్ మామూలుగా 15 యాంప్‌లది కాబట్టి దానికిదో లెక్క కాదు. ఫోన్ చార్జర్‌కి చోటు పోతుందనుకుంటే రెండు పోర్టుల అడాప్టర్ దొరుకుతుంది. అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్‌లో వాచ్‌మన్ కళ్ళ ముందు కారు పెట్టుకునేవాళ్ళు ఇంతకు మించి ఖర్చు పెట్టడం దండగని నా అభిప్రాయం.

ఇంటి ముందు సందులోనే కారు వదిలేవాళ్ళ సంగతి వేరు. పొద్దున లేచేసరికి బంపర్‌కి ఎవరి గీత పడిందో తెలియదు. వాళ్ళకి పార్కింగ్ మోడ్ కావాలి, అంటే కారు ఆగి ఉన్నప్పుడు కూడా కెమెరా కాపలా కాయాలి, దానికి కారు వైరింగ్‌లోంచే కరెంటు తీయాలి. ఇక్కడ దారులు రెండు. ఒకటి, జేసీ రోడ్డులో ఏదో ఒక యాక్సెసరీ షాపు ముందు కారు ఆపడం. "అరగంట పని సార్" అంటారు, నిజంగానే అరగంటలో అయిపోతుంది. అక్కడ చాలాచోట్ల చేసే పని ఏమిటంటే, లోపలి లైటుకో మ్యూజిక్ సిస్టమ్‌కో వెళ్ళే వైరు పైతొడుగు చెక్కి, కెమెరా వైరు దానికి మెలిపెట్టి, ఇన్సులేషన్ టేప్ చుట్టేయడం.

ఆ జాయింట్ మొదటి రోజు బాగానే ఉంటుంది. ఎండలో నిలబెట్టిన కారులో టేప్ జిగురు కారుతుంది, గుంతల రోడ్డు మీద కుదుపులకి మెలిక వదులవుతుంది. వదులైన చోట వేడి పుడుతుంది. పైగా కొత్త వైరుకి సొంత ఫ్యూజ్ ఉండదు. కెమెరా వైపు షార్ట్ అయితే కారు అసలు ఫ్యూజే పోతుంది, దానిమీద ఇంకేమేం ఉన్నాయో అవన్నీ దాంతోపాటే ఆగుతాయి. మా ఆఫీసులో ఒకాయన కారుకి ఇలాగే లోపలి లైటు ఫ్యూజ్ పదే పదే పోయేది. సెంట్రల్ లాకింగ్ కూడా దానిమీదే ఉండటంతో రోజూ నాలుగు తలుపులూ తిరిగి చేత్తో వేసుకోవాల్సి వచ్చింది. చూసిన ఎలక్ట్రీషియన్ పది యాంప్‌ల ఫ్యూజ్ తీసి ఇరవైది పెట్టి పంపించాడు! ఫ్యూజ్ ఉన్నది వైరుని కాపాడటానికి. పెద్దది పెడితే ఫ్యూజ్ నిలుస్తుంది, వైరు కాలుతుంది. ఎర్రది (పది యాంప్‌లది) తీసిన చోట ఎర్రదే పెట్టాలి, పసుపుపచ్చది (ఇరవైది) కాదు.

రెండో దారి ఫ్యూజ్ ట్యాప్. నా ఓటు దీనికే. ఇది కొన్ని వందల్లో వచ్చే చిన్న వస్తువు. ఫ్యూజ్ బాక్సులో ఒక ఫ్యూజ్ పీకి ఆ గాడిలో దీన్ని దించుతారు. దీంట్లో రెండు ఫ్యూజులకి చోటుంటుంది: ఒకటి పాతదానికి, రెండోది కెమెరాకి. కెమెరా వైపు రెండు మూడు యాంప్‌లది చాలు. ఏ వైరూ కోయక్కర్లేదు. కారు అమ్మేటప్పుడు పీకేసి పాత ఫ్యూజ్ దాని గాడిలో పెట్టేయొచ్చు.

కొనేటప్పుడు సైజు దగ్గరే చాలామంది తడబడతారు. మినీ, లో ప్రొఫైల్ మినీ, మైక్రో2 దూరంనుంచి ఒకేలా కనిపిస్తాయి, ఒకదాని గాడిలో ఇంకోటి సరిగ్గా కుదరదు. మీ కారు ఫ్యూజ్ ఒకటి జేబులో వేసుకెళ్ళి షాపులో పక్కన పెట్టి చూసుకోండి. ఎయిర్‌బ్యాగ్, ఏబీఎస్ (బ్రేకులది), ఇంజిన్ ఈసీయూ (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్), ఫ్యూయల్ పంపు ఫ్యూజుల జోలికి మాత్రం వెళ్ళొద్దు. సాకెట్, వెనక వైపర్, లోపలి లైటు లాంటివి పర్వాలేదు.

పెట్టే దిక్కు కూడా చూడాలి. ఫ్యూజ్ పీకాక గాడిలో ఒక కొనకే కరెంటు ఉంటుంది, టెస్ట్ ల్యాంప్ పెడితే తెలిసిపోతుంది. ట్యాప్‌లో రెండు ఫ్యూజులూ కలిసే కాలు ఆ కొనలోకే దిగాలి. తిరగేసి పెట్టినా కెమెరా వెలుగుతుంది, అందుకే ఎవరికీ అనుమానం రాదు. కానీ అప్పుడు కెమెరా భారం పాత ఫ్యూజ్ మీద కూడా పడుతుంది.

కెమెరాని ఫ్యూజ్ బాక్సుకి కలిపే పార్కింగ్ మోడ్ కిట్‌లో మూడు వైర్లుంటాయి. మామూలుగా పసుపుపచ్చది ఎప్పుడూ కరెంటుండే ఫ్యూజ్‌కి, ఎర్రది తాళం తిప్పితేనే వచ్చే ఫ్యూజ్‌కి, నల్లది బాడీ బోల్టు కింద ఎర్త్‌కి. కాబట్టి ట్యాప్‌లు రెండు కావాలి. ఎర్త్ పెట్టే చోట పెయింట్ లేని ఇనుము తగలాలి.

ఇక బ్యాటరీ. చిన్న హ్యాచ్‌బ్యాక్‌లో ఉండేది 35 ఏహెచ్ (యాంప్-గంటలు, అంటే ఒక యాంప్ చొప్పున 35 గంటలు) అనుకోండి. కెమెరా రాత్రంతా 0.3 యాంప్ తీసుకున్నా పన్నెండు గంటలకి నాలుగు ఏహెచ్ కూడా కాదు. కానీ కారు ఇక్కడే వదిలి సంక్రాంతికి రైల్లో ఊరెళ్ళి వారం ఉంటే 50 ఏహెచ్ దాటుతుంది, అంత బ్యాటరీయే లేదు. వారంలో సగం రోజులు ఇంటినుంచి పనిచేస్తూ కారు కదపనివాళ్ళకీ ఇదే టెన్షన్. అందుకే కిట్‌లో వోల్టేజ్ కటాఫ్ ఉంటుంది, బ్యాటరీ వోల్టేజ్ ఒక హద్దు కిందికి దిగితే అది కెమెరాని ఆపేస్తుంది. దాన్ని 11.8 వోల్టుల దగ్గర వదిలేయకండి. 12.0 దగ్గరికి వచ్చేసరికే బ్యాటరీలో మిగిలేది దాదాపు పావు వంతు. 12.2 గానీ 12.4 గానీ పెట్టుకోండి. ఊరెళ్తుంటే కెమెరా ఫ్యూజ్ పీకి వెళ్ళడం ఇంకా మంచిది.

ఇదంతా చిన్న వస్తువుల మాట. అదనపు లైట్లకీ పెద్ద హార్న్‌కీ ఫ్యూజ్ ట్యాప్ వాడొద్దు. 55 వాట్ల లైట్లు రెండు పెడితేనే తొమ్మిది యాంప్‌ల పైన లాగుతాయి. వాటికి బ్యాటరీ నుంచి నేరుగా మందపాటి వైరు, బ్యాటరీ పక్కనే ఫ్యూజ్, మధ్యలో రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని ఆన్ చేసే స్విచ్) ఉన్న హార్నెస్, అంటే వైర్ల సెట్టు, వేయించాల్సిందే.

ఓబీడీ పోర్టులో (సర్వీస్‌లో కారు లోపాలు చదవడానికి వాడే సాకెట్) గుచ్చే కేబుళ్ళు కూడా వస్తున్నాయి. వారంటీలో ఉన్న కొత్త కారులో ఏదీ కదపకూడదనుకునేవాళ్ళకి అది నచ్చుతుంది. ఆ పోర్టులో కరెంటు తాళంచెవి తీసేసినా ఉంటుంది కాబట్టి కటాఫ్ ఉన్న కేబులే కొనండి, సర్వీస్‌కి ఇచ్చే ముందు పీకేయండి. వాళ్ళ స్కానర్ పెట్టేదీ అక్కడే.