ఆరో తరగతికి ఊరి హైస్కూలా, బెంగళూరు ప్రైవేటు బడా: ఏది మేలు?

వేసవి వస్తే బెంగళూరు కె.ఆర్. పురం చుట్టుపక్కల మన తెలుగు ఇళ్లలో ఇదే చర్చ. కుప్పం, పలమనేరు, మదనపల్లె వైపు నుంచి వచ్చి ఇక్కడ డ్రైవర్లుగా, సెక్యూరిటీ పనిలో, గార్మెంట్స్‌లో బతుకుతున్నవాళ్లు ఐదో తరగతి ముగిసిన పిల్లల గురించి టెన్షన్ పడుతుంటారు. వీధి చివరి ఇంగ్లీష్ మీడియం స్కూల్లోనే కొనసాగించాలా, ఊళ్లో అవ్వాతాతల దగ్గర ఉంచి జడ్పీ హైస్కూల్లో చేర్చాలా? లక్షల ఫీజులుండే పెద్ద స్కూళ్ల సంగతి వేరు, అవి మన లెక్కలోకి రావు.

నా మాట ముందే చెప్తాను. అవ్వాతాతలకు ఓపిక ఉండి, ఆ హైస్కూల్లో లెక్కలకు, సైన్సుకు టీచర్లు, ఆటలకు పీఈటీ ఉంటే ఊరి బడే మేలు. ఈ ముగ్గురిలో ఒక్కరు లేకపోయినా తొందరపడకండి.

ఆటల దగ్గర తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఖోఖో కోర్టు 27 మీటర్ల పొడవు, 16 మీటర్ల వెడల్పు. బెంగళూరు భాషలో చెప్పాలంటే, ముప్పై అడుగులకు నలభై అడుగుల ఇంటి స్థలాలు (సైట్లు) దాదాపు నాలుగు. మగవాళ్ల కబడ్డీ కోర్టు కూడా ఒక్క సైటులో పట్టదు. 2009 విద్యాహక్కు చట్టం ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలంటుంది. కానీ రెండు సైట్లలో మూడంతస్తులు లేపిన బడిలో పిల్లలు పరిగెత్తేది ఎక్కడ? పీటీ పీరియడ్ అంటే మిద్దె మీద డ్రిల్లు, లేకపోతే క్లాసులోనే క్యారమ్స్. ఊరి హైస్కూల్లో మట్టి నేల, నాలుగు గీతలు గీయడానికి సున్నం, ఈల ఊదే సారు ఉంటే చాలు.

ఆ సారే అసలు విషయం. గ్రౌండ్ ఎంత పెద్దదైనా ఆడించే మనిషి లేకపోతే అందులో గేదెలే మేస్తాయి. పీఈటీ ఉన్న బడి నుంచి అండర్-14, అండర్-17 జట్లు మండల పోటీలకు వెళ్తాయి, అక్కడ గెలిచినవాళ్లు జిల్లాకు, రాష్ట్రానికి వెళ్తారు. వరంగల్ జిల్లా కల్లెడ అమ్మాయి దీప్తి జీవాంజి పరుగును మొదట గుర్తుపట్టింది బళ్లో వ్యాయామ ఉపాధ్యాయుడే. ఆమె 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల పరుగులో కాంస్యం తెచ్చింది. మన పిల్లలందరూ పతకాలు తేవాలని కాదు. పన్నెండేళ్ల పిల్ల రోజూ సాయంత్రం చెమట పట్టేలా ఆడి, ఆకలేసి అన్నం తినడం కూడా చదువంత ముఖ్యమని నేను గట్టిగా నమ్ముతాను.

అయితే పిల్లకు ఈతో బ్యాడ్మింటనో ఇష్టమైతే ఊరు పనికిరాదు. ఆ కోచింగ్ బెంగళూరులోనే ఉంది. పరుగులో నిజంగా సత్తా ఉందని తేలాక కూడా కంఠీరవ స్టేడియంలోని సింథటిక్ ట్రాక్ లాంటిది ఊళ్లో దొరకదు. కె.ఆర్. పురం నుంచి మెట్రో ఎక్కితే కబ్బన్ పార్క్ స్టేషన్‌లో దిగి అక్కడికి నడిచిపోవచ్చు. కానీ అది తర్వాతి మెట్టు. మొదటి మెట్టు దగ్గర పిల్లలో ఏముందో చూసే కన్ను కావాలి.

ఇక చదువు. ప్రభుత్వ బళ్లో ఇంగ్లీష్ రాదనే భయం పాతది. ఇప్పుడు ఆంధ్రలో పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీలో ఇంగ్లీష్, ఎదురు పేజీలో అదే పాఠం తెలుగులో ఉంటుంది. సైన్సు పాఠం ఇంగ్లీష్‌లో అర్థం కాకపోతే పిల్ల పక్క పేజీ చూసుకుంటుంది. ఇక్కడి చిన్న ప్రైవేటు స్కూళ్లలో చాలామంది పిల్లలు జవాబులు బట్టీ పట్టడమే చూస్తున్నాను. మాట్లాడే ఇంగ్లీష్‌లో మాత్రం వీళ్లే ముందుంటారు, కాదనను.

డబ్బు సంగతి ఫీజుతోనే ఆగదు. ఎనిమిదో తరగతిలో రాసే ఎన్ఎంఎంఎస్ అనే స్కాలర్‌షిప్ పరీక్ష ప్రభుత్వ, ఎయిడెడ్ బళ్ల పిల్లలకే. నెగ్గితే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏడాదికి 12,000 రూపాయలు వస్తాయి. నూజివీడు, ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీల్లో సీట్లు పదో తరగతి మార్కులతోనే ఇస్తారు. హాస్టల్ లేని ప్రభుత్వ బడిలో చదివినవాళ్లకు అక్కడ నాలుగు శాతం మార్కులు అదనంగా కలుపుతారు. బెంగళూరులో ప్రైవేటు స్కూలుకు పంపితే ఈ రెండూ పోయినట్టే.

"ఊళ్లో చదివిస్తే రేపు కర్ణాటక సీటు పోతుంది కదా అక్కా?" అని చాలామంది అడుగుతారు. లెక్క వేయండి. ఇక్కడి ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్ష సీఈటీకి ప్రధాన నిబంధన ఒకటో తరగతి నుంచి సెకండ్ పీయూసీ (మన ఇంటర్ రెండో ఏడాది) లోపల కర్ణాటకలో ఏడేళ్లు చదవడం. ఒకటి నుంచి ఐదు దాకా ఇక్కడ చదివి, పదో తరగతి తర్వాత పీయూసీకి తిరిగొస్తే ఏడేళ్లు నిండుతాయి. అలా కాకుండా ఇంటర్ కూడా ఆంధ్రలోనే చదివితే, ఇంటర్‌తో ముగిసే నాలుగేళ్లు వరుసగా అక్కడే చదివినట్టవుతుంది, ఇంజనీరింగ్‌కు అక్కడ లోకల్ కిందికి వస్తారు. అంటే ఊళ్లో గడిపే ఐదేళ్లు ఏ తలుపూ మూయవు. చేరే ఏడాది బ్రోషర్ మాత్రం తప్పకుండా చదవండి, నిబంధనలు మారుతుంటాయి.

బెంగళూరులోనే ప్రభుత్వ హైస్కూలు కూడా ఉంది. మైదానం, టీచర్లు ఉన్న బడి దగ్గర్లో దొరికితే, పిల్లకు కన్నడ బాగా వస్తే, తల్లిదండ్రుల దగ్గరే ఉంటుంది కాబట్టి నేను దానికే ఓటేస్తాను.

ఎందుకంటే ఊరి బడికి అసలు ఖర్చు ఎడబాటే. పదమూడేళ్ల ఆడపిల్లకు అమ్మ కావాల్సిన రోజులుంటాయి. అవ్వకు మోకాళ్ల నొప్పులు, తాతకు ఫోన్ లాక్కునేంత ధైర్యం ఉండదు. పిల్ల రాత్రి పన్నెండు దాకా రీల్స్ చూస్తుంటే అడిగేదెవరు? కుప్పం నుంచి ఇక్కడికి రోజూ పనికి రైల్లో వచ్చిపోయేవాళ్లు ఎంతోమంది. తల్లిదండ్రుల్లో ఒక్కరైనా అలా చేయగలిగితే సగం బెంగ తీరుతుంది. వారం వారం కూడా వెళ్లలేమంటే పిల్లను మీ దగ్గరే ఉంచుకోండి. అప్పుడు ఏ ట్రిపుల్ ఐటీ లెక్కా పనిచేయదు.

పంపాలనుకుంటే ఆరో తరగతికే పంపండి. తొమ్మిదికి పంపితే, ఇక్కడ తెలుగు రాయడం నేర్వని పిల్ల రెండేళ్లలో పదో తరగతి తెలుగు పేపర్ రాయాల్సి వస్తుంది. టీసీ తీసుకోకముందే, బడి నడిచే ఒక పనిరోజున ఊరెళ్లి, ఆ హైస్కూల్లో ఏ సబ్జెక్టుకు ఎవరున్నారో హెడ్మాస్టర్‌ను అడగండి. సాయంత్రం దాకా ఉండి, గ్రౌండ్‌లో ఆడపిల్లలు కూడా ఆడుతున్నారో లేదో చూసి రండి.