ఆస్ట్రోసోలార్ ఫిల్మ్‌తో ఆరేళ్లు

2019 డిసెంబరు 26 గ్రహణం చూద్దామని బాడర్ ఆస్ట్రోసోలార్ సేఫ్టీ ఫిల్మ్ ఏ4 షీటు ఒకటి కొన్నాను. సూర్యుణ్ణి చూసేటప్పుడు వెలుగు తగ్గించడానికి టెలిస్కోపు ముందు బిగించే పలచటి రేకు ఇది. గ్రహణం ఆ పూటతో అయిపోయింది. ఫిల్మ్ మాత్రం గుంటూరులో మా డాబా మీద ఇప్పటికీ వారానికి మూడు నాలుగు పొద్దులు వాడుతూనే ఉన్నాను. నాది 80 ఎంఎం రిఫ్రాక్టర్, అంటే ముందు కటకం ఉండే టెలిస్కోపు, ఫోకల్ లెంగ్త్ 900 ఎంఎం. ఒక షీటులో దీనికి రెండు ముక్కలు వస్తాయి.

ఈ ఫిల్మ్ ఓడీ 5.0 రకం. ఓడీ అంటే వెలుగును ఎంత ఆపుతుందో చెప్పే కొలత. మీద పడిన వెలుగులో లక్షో వంతే లోపలికి వదులుతుంది. ఇదే కంపెనీ 3.8 రకం కూడా అమ్ముతుంది, అది ఫోటోలకే. కంటితో చూడటానికి దాన్ని కొనకండి.

ఫిల్మ్ గురించి నాకు బెంగ లేదు. నా టెన్షన్ అంతా దాన్ని టెలిస్కోపు ముందు బిగించే సెల్ (మూతలాంటి చట్రం) గురించే, ఎందుకంటే అది మనమే చేసుకోవాలి. నేను మొదట అట్టతో చేసింది వదులుగా ఉండేది. ఒకరోజు గాలి విసురుకి ఊడి కింద పడింది. అదృష్టం కొద్దీ ఆ క్షణంలో ఐపీస్ (కన్ను పెట్టి చూసే కటకం) దగ్గర ఎవరూ లేరు. రెటీనాకు నొప్పి తెలీదు, కన్ను కాలుతున్నా ఆ సమయంలో మనకు తెలియదు. ఆ రోజే సెల్ మళ్లీ చేశాను. ట్యూబు మీదికి అయిదు సెంటీమీటర్లు దిగేలా, లోపల ఫెల్ట్ గుడ్డ అంటించి. ఇప్పుడు పైనుంచి మూడు చోట్ల టేపు కూడా వేస్తాను. గురి చూసే చిన్న దుర్భిణి, ఫైండర్, దానికి ఫిల్మ్ ఉండదు కాబట్టి తీసి ఇంట్లోనే పెట్టేస్తాను. ట్యూబు నీడ బాగా చిన్నదయ్యేదాకా కదిపితే సూర్యుడు తనంతట తానే దొరుకుతాడు.

ఫిల్మ్ ముడతలు పడితే కంగారు పడొద్దు, బొమ్మ చెడదు. బిగుతుగా లాగి అంటిస్తేనే చెడుతుంది. మూడో ఏడాది బల్బు ముందు పెట్టి చూస్తే సన్న చిల్లులు రెండు కనబడ్డాయి. తడి గుడ్డతో తుడవడం నా తప్పు. ఆ ముక్క పారేసి రెండోది వేశాను, దాన్ని ఇంతవరకు తుడవలేదు. ప్రతిసారీ వాడేముందు బల్బు ముందు పెట్టి చూస్తాను.

నా మొదటి చిన్న టెలిస్కోపుతో ఐపీస్‌కి బిగించే నల్ల గాజు ముక్క ఒకటి వచ్చింది. అలాంటిది మీ దగ్గరుంటే ఈరోజే పగలగొట్టి పారేయండి. వేడంతా ఒకచోట చేరేది అక్కడే, చూస్తుండగానే గాజు పగలొచ్చు. ఫిల్టర్ ఎప్పుడూ టెలిస్కోపు ముందువైపే ఉండాలి. గ్రహణం కళ్లద్దాలు పెట్టుకుని ఐపీస్‌లోకి చూడటమూ అంతే ప్రమాదం.

ఇక కనిపించేది చెప్పాలంటే, 25 ఎంఎం ఐపీస్‌తో సూర్యుడు మొత్తం తెల్లగా, అంచుల దగ్గర కాస్త మసకగా నిలుస్తాడు. ఇంకా పెద్దగా చూపే 10 ఎంఎం వేస్తే సూర్యుడి మీది మచ్చల నల్లటి నడిభాగం, చుట్టూ బూడిదరంగు అంచు విడివిడిగా తెలుస్తాయి. ఎండ ముదిరితే డాబా వేడికి బొమ్మంతా అలలాడుతుంది, అందుకే ఎనిమిదిన్నర లోపే ముగిస్తాను. 2024 మే నెలలో 3664 అనే మచ్చల గుంపు వచ్చింది. దాని వెడల్పు దాదాపు 15 భూములంత. టెలిస్కోపు లేకుండా గ్రహణం కళ్లద్దాలతోనే కనిపించింది. గ్రహణమంటే గుమ్మం దాటని మా అమ్మ ఆ పొద్దున్నే డాబా ఎక్కి చూసింది. "నిన్న ఇక్కడ లేదురా, జరిగింది" అని మర్నాడు తనే పట్టేసింది. సూర్యుడు తన చుట్టూ తాను తిరగడం సొంత కంటితో చూసింది.

ఈ ఫిల్మ్‌తో సూర్యుడి అంచున ఎగసే జ్వాలలు కనబడవు, వాటికి హైడ్రోజన్ ఇచ్చే ఒక ఎర్ర వెలుగునే చూపే హైడ్రోజన్ ఆల్ఫా టెలిస్కోపు కావాలి. 1868 ఆగస్టు 18 సంపూర్ణ గ్రహణంలో ఫ్రెంచి ఖగోళ శాస్త్రవేత్త జాన్సెన్ ఆ జ్వాలల వర్ణపటం చూసింది మా గుంటూరు నుంచే. మర్నాడు గ్రహణం లేకుండానే మళ్లీ చూశాడు. ఆ మాట తలుచుకున్నప్పుడల్లా ఆ టెలిస్కోపు కొనాలనిపిస్తుంది కానీ ధర నాకు అందేది కాదు. ఫిల్మ్‌తోనే చూసిన రోజల్లా ఒక బొమ్మ గీస్తున్నాను. ఇది ఎనిమిదో నోటుబుక్కు. నిన్న తూర్పు అంచున కొత్త మచ్చ ఒకటి తొంగిచూసింది, అవతలి అంచు చేరడానికి పదమూడు రోజులు పడుతుంది.