పోర్టులు చాలనప్పుడు హబ్బా, స్విచ్చా, రెండో రౌటరా: ఏది మేలు?

ఆరేడు కంప్యూటర్లు, ఒక ప్రింటర్ ఉన్న చిన్న నెట్‌వర్క్‌లో రౌటర్ వెనక ఉండే నాలుగు ల్యాన్ పోర్టులు (లోపలి యంత్రాలను కలిపే సాకెట్లు) నిండగానే ఈ ప్రశ్న తలెత్తుతుంది. మూడు పెట్టెలకూ ఒకే రకం ఆర్‌జే-45 సాకెట్లు ఉండటం వల్ల ఏది తగిలించినా ఒకటేనన్న భ్రమ కలుగుతుంది. నిజానికి పోటీ హబ్‌కూ స్విచ్‌కూ మధ్యనే. లోపలి నెట్‌వర్క్‌ను ఇంటర్నెట్‌తో కలిపే రౌటర్ పని పూర్తిగా వేరు.

హబ్‌కు చిరునామాలతో పని లేదు. ఒక పోర్టులో వచ్చిన సంకేతాన్ని మిగిలిన పోర్టులన్నింటికీ పంపేస్తుంది కాబట్టి, ఒక కంప్యూటర్ ప్రింటర్‌కు పంపిన పత్రం సంబంధం లేని యంత్రాల గుమ్మం దాకా కూడా వెళ్తుంది. ఇద్దరు ఒకేసారి పంపితే సంకేతాలు ఢీకొంటాయి, ఇద్దరూ ఆగి మళ్లీ పంపాలి. 100 ఎంబీపీఎస్ అని రాసి ఉన్నా ఆ వేగాన్ని అందరూ పంచుకోవలసిందే. పైగా 100 ఎంబీపీఎస్ హబ్‌లను వరుసగా రెండింటికి మించి కలపడానికి ప్రమాణాలు ఒప్పుకోవు.

స్విచ్ అలా కాదు. వచ్చిన ప్రతి ఫ్రేములో (సమాచారపు చిన్న మూటలో) పంపిన యంత్రపు 48 బిట్ల మ్యాక్ చిరునామాను, అంటే దాని నెట్‌వర్క్ కార్డు గుర్తింపు సంఖ్యను చూసి, అది ఏ పోర్టులో ఉందో పట్టికలో రాసుకుంటుంది; సాధారణంగా 300 సెకన్ల పాటు ఆ యంత్రం నుంచి ఏమీ రాకపోతే ఆ నమోదును తుడిచేస్తుంది. గమ్యం ఇంకా తెలియని ఫ్రేమును మాత్రం హబ్ లాగే అన్ని వైపులా పంపుతుంది. తెలిసిన తర్వాత రెండు జంటల యంత్రాలు ఒకదానికొకటి అడ్డం రాకుండా, పంపడం, అందుకోవడం ఏకకాలంలో జరుపుకోగలవు. అందుకే నా మొగ్గు నిస్సందేహంగా స్విచ్ వైపే.

అయితే మామూలు స్విచ్‌కు ఒక బలహీనత ఉంది. బల్ల కింద వేలాడుతున్న కేబుల్ కొసను ఎవరో ఖాళీ పోర్టులో గుచ్చారనుకుందాం. దాని రెండో కొస కూడా అదే స్విచ్‌లో ఉంటే బ్రాడ్‌కాస్ట్ ఫ్రేములు (అందరికీ ఉద్దేశించినవి) అంతు లేకుండా చుట్టూ తిరుగుతాయి, లైట్లన్నీ ఎడతెగకుండా మినుకుమంటాయి, నెట్‌వర్క్ మొత్తం స్తంభిస్తుంది. స్పానింగ్ ట్రీ అనే రక్షణ పద్ధతి ఉన్న స్విచ్ ఇటువంటి వలయాన్ని కనిపెట్టి ఒక పోర్టును మూసేస్తుంది.

ఇంట్లో మిగిలిపోయిన పాత రౌటర్‌ను స్విచ్‌గా వాడవచ్చా? వాడవచ్చు, కానీ కేబుల్‌ను ఎక్కడ పెడుతున్నామన్నదే కీలకం. వ్యాన్ పోర్టులో (ఇంటర్నెట్ వైపు సాకెట్‌లో) పెడితే పాత రౌటర్ వెనక వేరే నెట్‌వర్క్ ఏర్పడి, ఐపీ చిరునామాల మార్పిడి రెండుసార్లు జరుగుతుంది. ఆ నెట్‌వర్క్ లోపలి వారికి బయటి ప్రింటర్ అందినా, బయటి వారికి లోపలి యంత్రాలు మామూలుగా అందవు. ల్యాన్ పోర్టులో పెట్టి, డీహెచ్‌సీపీని (యంత్రాలకు ఐపీ చిరునామాలు తనంతట తానే పంచే ఏర్పాటును) ఆపకపోతే ఇంకో చిక్కు: రెండు రౌటర్లూ చిరునామాలు పంచుతాయి, నిన్న పనిచేసిన యంత్రానికి ఈరోజు ఇంటర్నెట్ ఉండదు. కాబట్టి ముందు పాత రౌటర్‌ను ఒంటరిగా ఒక కంప్యూటర్‌కు కలిపి, దాని చిరునామాను 192.168.1.1 నుంచి, ఉదాహరణకు, 192.168.1.2 కు మార్చి, డీహెచ్‌సీపీని నిలిపివేసి, ఆ తర్వాతే ల్యాన్ పోర్టు నుంచి ల్యాన్ పోర్టుకు కేబుల్ వేయాలి.