తొలి ఏకాదశికి కొండవీడా, కార్తీక అమావాస్యకి కారంపూడా?

గుంటూరు బ్రాడీపేటలో ఒక మిత్రుడి మేడ మీద ఐదారుగురం కలిసి పుస్తకాలు చదువుకుంటాం. పేరూ లేదు, రిజిస్ట్రేషనూ లేదు. టీ వాళ్లింట్లోనే. ఊరికే "ఈ నెల ఈ పుస్తకం" అనుకుంటే ఎవరూ ముట్టుకోవట్లేదని మా మాస్టారు ఒక ఉపాయం చెప్పారు. పాత చరిత్రలో ఏదో ఒక రోజు పట్టుకోవాలి, ఆ రోజు వచ్చేలోపు దానికి సంబంధించిన పుస్తకం పూర్తి చేయాలి. పరీక్ష తేదీ పెడితేనే చదివే జాతి కదా మనది.

అలా ఇప్పటికి నాలుగు రోజులు పట్టుకున్నాం. వాటిలో ఏది మేలో చెప్పమని విజయవాడ నుంచి ఒక తమ్ముడు ఫోన్ చేసి అడిగాడు. వాళ్లూ మొదలుపెడతారట. ఫోన్లో తేలే సంగతి కాదని ఇలా రాస్తున్నాను.

ముందుగా దెబ్బతిన్నది చెప్తాను. మొదటిసారి మేం ఎంచుకున్నది జనవరి 23. 1565లో అదే రోజు, మంగళవారం, రక్కసి తంగడి యుద్ధం. విజయనగరాన్ని నడిపిస్తున్న అళియ రామరాయలి తల తెగింది, విజయనగరం పాడుబడింది. విజయవాడ పుస్తక ప్రదర్శన కూడా జనవరిలోనే కాబట్టి పుస్తకం కొనడానికీ వీలనుకున్నాం. రాబర్ట్ సీవెల్ 1900లో అచ్చేసిన ఇంగ్లీషు పుస్తకం పెట్టుకున్నాం. పేయస్, నూనిజ్ అనే పోర్చుగీసు వాళ్లు రాసుకున్న వర్ణనలు అందులో పూర్తిగా ఉన్నాయి. పైగా ఈ సీవెల్ మనకి కొత్తవాడేం కాదు, 1877లో అమరావతి స్తూపం దగ్గర తవ్వించినవాడే. ఇన్ని ఉన్నా నలభయ్యో పేజీ దాటింది ఇద్దరే. ప్రదర్శనలో సంచీలు నింపుకొచ్చిన నెలలో ఒక పాత ఇంగ్లీషు పుస్తకం ముందు కూర్చోవడం మావల్ల కాలేదు. కృష్ణ ఒడ్డునే జరిగినా ఆ చోటు కర్ణాటకలో ఉంది. పొద్దున వెళ్లి సాయంత్రానికి తిరిగొచ్చే దూరం కాదు. తేదీ మాత్రం రాయిలా గట్టిది. దానికోసమే అయితే పెట్టుకోండి.

రెండోది రుద్రమ. నల్గొండ జిల్లా చందుపట్ల శాసనం తేదీ 1289 నవంబరు 27. రుద్రమదేవికీ, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడికీ పుణ్యం కలగాలని ఆ దానం చేశారు. అందరూ దాన్ని ఆమె చనిపోయిన రోజుగా జరుపుతున్నారు కానీ అది దానం చేసిన తేదీ. మరణం అంతకు కొద్దిగా ముందే అయ్యుండాలి. పుస్తకానికి కొదవ లేదు. అడివి బాపిరాజు 'గోన గన్నారెడ్డి' మా ఆడవాళ్లు వారంలో లాగించేశారు. రేపల్లెలో వకీలుగా ఉంటూ నోరి నరసింహశాస్త్రి రాసిన 'రుద్రమదేవి' కొంచెం నిదానం, కానీ కాలం బాగా పట్టుకుంటుంది. నాకు మాత్రం నవలల కంటే మందడం పక్కన మల్కాపురంలో ఉన్న శాసన స్తంభమే ఎక్కువ పని చేసింది. 1261 నాటిది. మందడం గ్రామాన్ని విశ్వేశ్వర శివాచార్యులకి ఇచ్చిన రుద్రమ దానం అందులో ఉంది. ఆ ఆదాయంతో ప్రసూతిశాల, ఆరోగ్యశాల, చదువుకునే పిల్లలకి ఏర్పాట్లు. పక్కనే సచివాలయం, ఆ దారిన రోజూ వేలమంది పోతుంటారు. మేమూ ఏళ్ల తరబడి అలా పోయినవాళ్లమే.

ఇక అసలు పోటీ మిగిలిన రెంటి మధ్యే, కొండవీడుకీ కారంపూడికీ.

కొండవీటి సంగతి చూడండి. ఒరిస్సా రాజులు గజపతుల చేతిలో ఉన్న ఆ దుర్గం కృష్ణదేవరాయలకి దక్కిన రోజు శాసనంలో ఉంది. శక సంవత్సరం 1437, యువ నామ సంవత్సరం, ఆషాఢ శుద్ధ హరివాసరం, శనివారం. పుస్తకాల్లో దాన్ని 1515 జూన్ 23 అని వేస్తారు. ఇక్కడే మా మేడ మీద గొడవైంది. "ఇప్పుడు మనం వాడే కేలెండరు వచ్చిందే 1582లో. ఈ లెక్కకి మారిస్తే జూలై 3 అవుతుంది కదన్నా" అన్నాడు మాలో చిన్నవాడు, బ్యాంకులో పని చేస్తాడు, అంకెలు తప్పితే ఊరుకోడు. ఒకరు జూన్ అంటారు, ఒకరు జూలై అంటారు. మాస్టారు టీ గ్లాసు కింద పెట్టి, "హరివాసరం అంటే ఏంట్రా? ఏకాదశి. ఆషాఢ శుద్ధ ఏకాదశి అంటే?" అన్నారు. తొలి ఏకాదశి! ఏటా ఇంట్లో పేలపిండి తినే రోజు. శాసనం వేసినవాళ్లు రాసుకున్న రోజు మన గోడ మీది కేలెండర్లో ఇప్పటికీ ఉంటే, మేం జూన్‌కీ జూలైకీ మధ్య కొట్టుకుంటున్నాం.

దీనికి జోడీ పుస్తకం రాయలే రాసిపెట్టాడు, 'ఆముక్తమాల్యద'. అవతారికలోనే, అంటే ముందుమాటలోనే చెప్తాడు. కళింగం మీద దండెత్తి వెళ్తూ విజయవాటిలో కొన్నాళ్లుండి, శ్రీకాకుళం ఆంధ్రవిష్ణువుని చూడబోయి, అక్కడ హరివాసరం ఉపవాసం చేస్తే తెల్లవారుజామున కల వచ్చిందని. విజయవాటి అంటే బెజవాడే, శ్రీకాకుళం అంటే ఘంటసాల దగ్గరిది. కొండవీడు దక్కిందీ ఏకాదశి నాడే, కల వచ్చిందీ ఏకాదశి నాడే. రెండూ ఒకే ఏకాదశి అనుకోకండి, కానీ చదివేటప్పుడు ఒళ్లు జలదరించడానికి అంత చాలు. బెజవాడ వాళ్లయితే ఇంటి పక్కనే మొదలైన పుస్తకం అనుకోవచ్చు.

చిక్కల్లా పుస్తకం కష్టం. చాలా కష్టం. ఆరు ఆశ్వాసాలు (అధ్యాయాలనుకోండి), వేదం వేంకటరాయశాస్త్రి వ్యాఖ్య పక్కన పెట్టుకున్నా రోజుకి నాలుగు పద్యాలు దాటలేదు. చివరికి మొత్తం వదిలేసి నాలుగో ఆశ్వాసంలో వానాకాలం మాత్రం చదివాం. బయట కూడా వానే. ఆ ముసురులో రెడ్లు గురుగు, చెంచలి, తుమ్మి, లేత తగిరిశాకు, చింతచిగురు కలిపి నూనెలో వండుకుని ఆరికల అన్నంతో మెక్కుతారు. ఆ ఒక్క పద్యం మీద గంట గడిచింది. తగిరిశాకు అంటే తగిరిస చెట్టు ఆకేనని ఒకరు, వాళ్ల నాయనమ్మ పప్పులో వేసేదని ఇంకొకరు. చక్రవర్తి పొలం గట్టున నిలబడి ఎవరి కంచంలో ఏముందో చూసి రాశాడు.

కారంపూడి దీనికి పూర్తిగా తలకిందులు. పల్నాటి యుద్ధం ఏ ఏడాది జరిగిందో చరిత్రకారులు ఒక్కమాట మీద లేరు, ఎక్కువగా వినపడేది 1182. కానీ రోజు మాత్రం జనం చేతిలో ఉంది. కార్తీక అమావాస్యకి నాగులేరు ఒడ్డున వీరుల ఉత్సవాలు మొదలవుతాయి. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు, మొత్తం ఐదు రోజులు. ఊళ్ల నుంచి వీరుల ఆయుధాలు ఎత్తుకుని వస్తారు. మందపోరు రోజు చాపకూడు, బ్రహ్మనాయుడు కులం చూడకుండా ఒకే చాప మీద పెట్టించిన తిండి. ఇక్కడ తేదీ గుర్తుపెట్టుకోవాలన్న టెన్షనే లేదు.

పుస్తకం శ్రీనాథుడిదని చెప్పే 'పల్నాటి వీరచరిత్ర'. అక్కిరాజు ఉమాకాంతం పరిష్కరించి అచ్చు వేయించాడు. దొరికింది బాలచంద్ర యుద్ధం భాగమే కాబట్టి పెద్దది కాదు. రెండేసి పాదాల ద్విపద కావడం వల్ల గట్టిగా చదువుతుంటే నాలిక మీద దానంతటదే నడుస్తుంది. బ్రహ్మనాయుడి కొడుకు బాలచంద్రుడు బొంగరాలాడే చోటు మాలో బ్యాంకు పిల్లాడే చదివాడు. బొంగరం ఎగిరి ఒక కోమటి ఇల్లాలి కాలికి తగులుతుంది, ఆవిడ మండిపడి, అక్కడ నీవాళ్లు యుద్ధానికి వెళ్తే ఇక్కడ నువ్వు ఆటలాడుతున్నావా అని కడిగేస్తుంది. అంత యుద్ధమూ ఆ కుర్రాడికి తెలిసేది ఒక బొంగరం దెబ్బ వల్ల. చదువుతూ చదువుతూ వీడు లేచి నిలబడ్డాడు. 'ఆముక్తమాల్యద'కి మాలో ఎవరూ లేచి నిలబడలేదు, నిజం చెప్పాలంటే ఇద్దరు నిద్రపోయారు.

అందుకని తమ్ముడికి నా మాట ఇది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు కారంపూడి పెట్టుకోండి. అక్టోబరు చివర్లో పుస్తకం తెరిస్తే అమావాస్యకి సుఖంగా అవుతుంది, నరసరావుపేట మీదుగా వెళ్లి ఉత్సవమూ చూడొచ్చు. రుద్రమ కూడా ఆ రోజుల్లోనే వస్తుంది, రెండూ తలకెత్తుకోకండి. సాహిత్యం కాస్త అలవాటున్న నలుగురుంటే మాత్రం కొండవీడే. గుంటూరులో పుస్తకం దొరకలేదంటే బృందావన్ గార్డెన్స్‌లో అన్నమయ్య గ్రంథాలయం ఉంది, అక్కడ అడగండి. కొత్త జిల్లాల లెక్కలో కొండవీడూ కారంపూడీ పల్నాడులోకి పోయాయి కానీ మాకు ఇంకా గుంటూరు జిల్లాయే.

ఇంకోటి మర్చిపోయాను. రాయలు పోయిన రోజు తుమకూరు దగ్గర హొన్నేనహళ్లిలో బయటపడ్డ కన్నడ శాసనంలో దొరికింది, 1529 అక్టోబరు 17. అంటే 2029కి సరిగ్గా ఐదొందల ఏళ్లు. అప్పటికి ఆరు ఆశ్వాసాలూ అవగొట్టాలని మాస్టారు పంతం మీదున్నారు. రోజుకి నాలుగు పద్యాల లెక్కన అవుతుందో లేదో బ్యాంకు పిల్లాడు కాగితం మీద వేస్తున్నాడు. ఈలోపు వచ్చే తొలి ఏకాదశికి కొండవీడు కొండెక్కుతాం. ఘాట్ రోడ్డు పడింది కాబట్టి మాస్టారి మోకాళ్లకీ ఇబ్బంది లేదు. వానాకాలం పద్యాల జిరాక్సులు నావంతు, పేలపిండి వాళ్లింటి వంతు.