పది రూపాయల ఫ్యూజు, నాలుగు పిన్నుల సాకెట్టు: హెడ్‌ఫోన్ యాంప్లిఫయర్‌లో ఏది మేలు?

మా బావ న్యూజెర్సీ నుంచి వస్తూ సూట్‌కేసులో బట్టల మధ్య దాచి ఒక హెడ్‌ఫోన్ యాంప్లిఫయర్, అంటే పాట సంకేతాన్ని బలపరిచి హెడ్‌ఫోన్‌కు అందించే పెట్టె, తెచ్చాడు. ప్లగ్గు పెట్టి స్విచ్చి వేశాం. లోపల టిక్కుమని చిన్న చప్పుడు, ముందున్న దీపం ఒక్కసారి వెలిగి ఆరిపోయింది. వెనక పలక మీద వోల్టేజి మార్చే చిన్న ఎర్ర మీట ఒకటి ఉందని, అది 115 దగ్గర ఉందని, మన గోడలోంచి వచ్చేది 230 అని ఇద్దరికీ అప్పుడు గుర్తొచ్చింది.

పవర్ కేబుల్ గుచ్చే చోట కిందనే ఒక చిన్న సొరుగు ఉంటుంది. స్క్రూడ్రైవర్ కొనతో లాగితే ముప్పావు అంగుళం గాజు గొట్టం బయటికొచ్చింది. లోపలంతా అద్దం వెనక పూతలా నల్లగా, అక్కడక్కడ వెండిలా మెరుస్తోంది. తీగ జాడే లేదు. పోయిన ఫ్యూజును చూసి చాలా చెప్పవచ్చు. గాజు ఇలా మసిబారితే ఒక్కసారిగా భారీ కరెంటు పారినట్టు. గాజు తేటగా ఉండి తీగ మధ్యలో మాత్రమే తెగితే కొద్దిపాటి అదనపు భారం చాలాసేపు పడినట్టు, లేదా ఏళ్ల తరబడి వేడెక్కి చల్లారి తీగ అలసిపోయినట్టు. మాది మొదటి రకం. ట్రాన్స్‌ఫార్మర్ మాత్రం బతికింది.

కోఠి గుజరాతీ గల్లీలో దుకాణం పెద్దాయన ముందు ఆ మసి గొట్టం పెడితే ఆయన అడిగినవి రెండే ప్రశ్నలు: "స్లోనా, ఫాస్టా? గాజుదా, పింగాణీదా?" శబ్దాన్ని మెరుగుపరుస్తాయని చెప్పుకునే వేల రూపాయల బంగారు ఫ్యూజుల గురించి పేజీలకు పేజీలు చదివిన నాకు అసలు ప్రశ్నలు అవేనని ఆ కౌంటరు దగ్గరే తెలిసింది.

మొదటిది చూద్దాం. మంచి హెడ్‌ఫోన్ యాంప్లిఫయర్లలో ఎక్కువగా ఉండేది గారె ఆకారపు టొరాయిడల్ ట్రాన్స్‌ఫార్మర్. స్విచ్చి వేసిన మొదటి క్షణంలో అది మామూలుగా వాడుకునే కరెంటుకు ఎన్నో రెట్లు లాగేస్తుంది. దాని వెనక ఖాళీగా ఉన్న కెపాసిటర్లు (విద్యుత్తును నిలవచేసేవి) కూడా అప్పుడే నిండాలి. ఆ క్షణాన్ని ఓర్చుకునే ఫ్యూజు కావాలి కనుక పలక మీద ఆంపియర్ల అంకెకు ముందు 'టీ' అక్షరం ఉంటుంది. జర్మన్ భాషలో మందకొడి అనే మాటకు అది మొదటి అక్షరం. 'ఎఫ్' అంటే చురుకైనది. టీ ఉన్నచోట అదే అంకె ఎఫ్ ఫ్యూజు వేస్తే పది రోజులు పనిచేసి పదకొండో రోజు స్విచ్చి వేయగానే పోతుంది. దాంతో విసిగి ఇంకాస్త పెద్ద అంకె వేయడం మనవాళ్లకు అలవాటే. ఇంట్లో కిట్‌క్యాట్ ఫ్యూజుకు రాగి తీగ నాలుగు పోగులు చుట్టే చెయ్యి ఇక్కడా అదే పని చేస్తుంది. ఆ తరువాత కాలేది తీగ కాదు, ట్రాన్స్‌ఫార్మర్.

గాజా, పింగాణీయా అన్నదానికీ శబ్దంతో సంబంధం లేదు. అంకె చివర 'ఎల్' ఉంటే అది గాజు రకం. 35 ఆంపియర్లు లేదా తన అంకెకు పదిరెట్లు, వీటిలో ఏది ఎక్కువైతే అంతవరకు సురక్షితంగా తెగగలదు. 'హెచ్' ఉంటే ఇసుక నింపిన పింగాణీ రకం, 1500 ఆంపియర్ల దాకా ఆపుతుంది. హెచ్ రాసి ఉన్నచోట గాజు ఫ్యూజు వద్దు. ఎల్ ఉన్నచోట సరైన అంకె టీ పింగాణీ వేస్తే నష్టం లేదు, తెగిందో లేదో కంటికి కనబడదన్న ఇబ్బంది తప్ప.

ఇంకొకటి చాలామంది మరిచిపోతారు. వోల్టేజి రెట్టింపైతే అదే పనికి కరెంటు సగం చాలు. అందుకే బావ తెచ్చిన దాని వెనక 115 ఎదురుగా 1 ఆంపియర్, 230 ఎదురుగా 500 మిల్లీఆంపియర్లు అని విడివిడిగా రాసి ఉంది. ఎర్ర మీట జరిపితే సరిపోదు, ఫ్యూజు కూడా మార్చాలి. నేను కొన్నది 500 మిల్లీఆంపియర్ల టీ రకం, రెండు.

ఇక బంగారు పూత, వెండి తీగ, ఒక్కోటి పదివేలు దాటే ఫ్యూజుల సంగతి. లెక్క వేసి చూద్దాం. ఫ్యూజు నిరోధం ఉదారంగా అర ఓము అనుకోండి. 30 వాట్లు వాడే యాంప్లిఫయర్ 230 వోల్టుల దగ్గర సుమారు 0.13 ఆంపియర్లు తీసుకుంటుంది. ఫ్యూజు దగ్గర పోయేది 65 మిల్లీవోల్టులు, అంటే మొత్తంలో దాదాపు 3500వ వంతు. పక్కగదిలో ఫ్రిజ్ మొదలైనప్పుడు ఇంటి వోల్టేజిలో అంతకు ఎన్నో రెట్ల తేడా వస్తుంది. దాన్ని కూడా లోపలి వోల్టేజిని నిలకడగా ఉంచే రెగ్యులేటర్లు సర్దేస్తాయి. బాణం గుర్తు చూసి ఏ దిశలో పెట్టాలో చెప్పే ఫ్యూజులు కూడా ఉన్నాయి. సెకనుకు వందసార్లు దిశ మార్చుకునే కరెంటుకు ఆ బాణం ఎవరు చూపిస్తారో మరి! నా మాట కచ్చితంగా పది రూపాయలదే, దాని మీద ప్రామాణిక ముద్ర ఉన్నంతవరకు.

ఫ్యూజు నిజంగా వినబడే చోటు ఒకటుంది. పాట వెళ్లే దారిలో, అంటే యాంప్లిఫయర్ అవుట్‌పుట్‌కు, చెవికి మధ్య ఫ్యూజు పెడితే బరువైన బేస్ వచ్చినప్పుడల్లా సన్నని తీగ వేడెక్కుతుంది, నిరోధం మారుతుంది, కింది స్వరాల్లో వక్రత (డిస్టార్షన్) చేరుతుంది. స్పీకర్ యాంప్లిఫయర్ల విషయంలో ఇది పాత పాఠమే. దానికి బదులు రిలే, అంటే కరెంటుతో పనిచేసే స్విచ్చి, ఉండడం మేలు. స్విచ్చి వేసిన నాలుగైదు సెకన్ల తరువాత లోపల టక్కుమనే శబ్దం దానిదే. హెడ్‌ఫోన్‌ను కాపాడేది గోడ వైపు ఫ్యూజు కాదు, ఈ రిలే. లోపల ట్రాన్సిస్టర్ చెడి 15 వోల్టుల డీసీ (దిశ మారని కరెంటు) నేరుగా 32 ఓమ్‌ల హెడ్‌ఫోన్‌లోకి వెళ్లిందనుకోండి. చెవి పక్కనున్న చిన్న కాయిల్ మీద 7 వాట్లు పడతాయి, అది మాడిపోతుంది. గోడ వైపు చూస్తే ఆ 7 వాట్లు 30 మిల్లీఆంపియర్ల తేడా మాత్రమే. 500 మిల్లీఆంపియర్ల ఫ్యూజుకు అది చీమ కుట్టినట్టయినా ఉండదు. కొనేముందు ఫ్యూజు గురించి అడిగే సమయాన్ని డీసీ రక్షణ ఉందా అని అడగడానికి వాడుకోండి.

ఇప్పుడు ముందు పలకకు వద్దాం. హెడ్‌ఫోన్ గుచ్చడానికి మూడు రంధ్రాలు: 6.35 మిల్లీమీటర్ల పావు అంగుళం జాక్, నాలుగు పిన్నుల ఎక్స్‌ఎల్‌ఆర్, 4.4 మిల్లీమీటర్ల పెంటాకాన్.

పావు అంగుళం ప్లగ్గు టెలిఫోన్ ఎక్స్ఛేంజీల కాలం నాటిది, పందొమ్మిదో శతాబ్దపు సరుకు. కొన ఎడమ చెవికి, మధ్య వలయం కుడికి, మొదలు రెండింటికీ ఉమ్మడి తిరుగుదారి. ఆ ఉమ్మడి దారిలో 0.1 ఓము నిరోధం ఉందనుకుంటే 32 ఓమ్‌ల హెడ్‌ఫోన్‌లో ఎడమవైపు పాట కుడివైపుకు 50 డెసిబెళ్ల దిగువన తొంగిచూస్తుంది. 300 ఓమ్‌లదైతే 70 డెసిబెళ్ల దిగువన. గ్రామఫోను రికార్డు ఎడమ కుడిల మధ్య 30 డెసిబెళ్ల విభజన ఇస్తేనే మురిసిపోయాం, కనుక దీనికి బెంగ అక్కర్లేదు. దాని అసలు లోపం వేరు. లోపలికి జారేటప్పుడు కొన, వలయం తమవి కాని స్ప్రింగులను తాకుతూ పోతాయి, ఒక్క క్షణం షార్ట్ అవుతుంది. వాల్యూమ్ తగ్గించి గుచ్చితే చాలు.

ఎక్స్‌ఎల్‌ఆర్‌లో ఒకటో పిన్ను ఎడమ ప్లస్, రెండు ఎడమ మైనస్, మూడు కుడి ప్లస్, నాలుగు కుడి మైనస్. పూర్తి బ్యాలెన్స్‌డ్, అంటే ప్రతి చెవికీ ప్లస్, మైనస్ రెండింటినీ విడిగా నడిపే, యాంప్లిఫయర్‌లో నాలుగు పిన్నుల వెనక నాలుగు యాంప్లిఫయర్లు ఉంటాయి. వోల్టేజి రెట్టింపు, కరెంటు ఇవ్వగలిగితే పవర్ నాలుగింతలు. "బ్యాలెన్స్‌డ్ అయితే రొద ఉండదు" అనే మాట స్టేజీ మైకుల నుంచి అరువు తెచ్చుకున్నది. మైకు నుంచి వచ్చే మిల్లీవోల్టుల సంకేతం వంద అడుగులు ప్రయాణించాలి, అందుకు ఆ ఏర్పాటు. రెండు మీటర్ల హెడ్‌ఫోన్ కేబుల్‌కు ఆ కష్టం లేదు. పైగా నాలుగు యాంప్లిఫయర్లలో అవుట్‌పుట్ ఇంపెడెన్స్ (బయటికిచ్చే వైపు నిరోధం) కూడా రెట్టింపవుతుంది, సున్నితమైన ఇయర్‌ఫోన్‌లలో సన్నని సుయ్‌మనే శబ్దం పెరుగుతుంది.

మరి ఎవరికి అవసరం? సెన్‌హైజర్ హెచ్‌డీ 650ను తీసుకోండి. 300 ఓమ్‌లు, 1 వోల్టుకు 103 డెసిబెళ్లు. చెవులు గింగురుమనే 110 డెసిబెళ్లకు కూడా 2.2 వోల్టులు, 17 మిల్లీవాట్లు చాలు. బల్ల మీద పెట్టుకునే ఏ మంచి యాంప్లిఫయర్ అయినా పావు అంగుళం జాక్ నుంచే అది ఇస్తుంది. హైఫైమ్యాన్ హెచ్‌ఈ6 సంగతి వేరు. 50 ఓమ్‌లు, 1 మిల్లీవాట్‌కు 83.5 డెసిబెళ్లు. అదే 110కి చేరాలంటే 4.7 వోల్టులు, 95 మిల్లీఆంపియర్లు, దాదాపు 450 మిల్లీవాట్లు. మొదటిదానికి 26 రెట్లు. ఇలాంటివి మెడకు తగిలించుకున్నవారు ఎక్స్‌ఎల్‌ఆర్ వెతుక్కోవలసిందే. మిగతావారు బ్యాలెన్స్‌డ్‌లో తేడా విన్నామంటే ముందు రెండు జాక్‌ల శబ్దస్థాయి సమానం చేసి మళ్లీ వినాలి. గట్టిగా వినిపించేది మేలుగా తోచడం మన చెవుల పాత బలహీనత.

4.4 గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. జపాన్ ప్రమాణం, 2016లో సోనీ తన ప్లేయర్లలో ప్రవేశపెట్టింది. ప్లగ్గు మీద అయిదు తావులు, వాటిలో నాలుగు ఎక్స్‌ఎల్‌ఆర్ పిన్నుల పనే చేస్తాయి, అయిదోది గ్రౌండ్. అంతకుముందున్న 2.5 మిల్లీమీటర్ల పుల్లలాంటి ప్లగ్గు వంగిపోయే బాధ దీనికి లేదు. జేబులో ప్లేయర్, బల్ల మీద యాంప్లిఫయర్ రెండూ ఉన్నవారికి ఒకే కేబుల్‌తో సరిపోతుంది, కనుక నా ఓటు దానికే. ఎక్స్‌ఎల్‌ఆర్‌కు పట్టి ఉంటుంది, లాగినా ఊడదు. అది సుగుణమే, కుర్చీ చక్రం కింద కేబుల్ పడి యాంప్లిఫయర్ బల్ల అంచు దాకా నడిచొచ్చే రోజు వరకు.

అడాప్టర్ల విషయంలో మాత్రం ఏమాత్రం రాజీ లేదు. బ్యాలెన్స్‌డ్ కేబుల్ ఉన్న హెడ్‌ఫోన్‌ను పావు అంగుళం జాక్‌కు కలపడం క్షేమం. దానికి ఎదురు దిశ ప్రమాదం. యాంప్లిఫయర్ ఎక్స్‌ఎల్‌ఆర్‌లో గుచ్చి, అవతల మామూలు ప్లగ్గు పెట్టుకునే అడాప్టర్ రెండు మైనస్ తీగలను ఒకచోట ముడివేస్తుంది. రెండు యాంప్లిఫయర్లు ఒకదాని మీద ఒకటి తన్నుకుంటాయి. రక్షణ లేనిదైతే కాలుతుంది, గోడ వైపు ఫ్యూజు అంతా అయ్యాక తెగవచ్చు, తెగకపోనూవచ్చు. బావ సూట్‌కేసు అడుగున సరిగ్గా అలాంటిదే ఒకటి దొరికింది. "కొత్తది, ఎవరికైనా ఇచ్చేద్దాం" అన్నాడు బావ. కత్తెరతో తీగ కోసి చెత్తబుట్టలో వేశాను.