లంగోలెన్ కాలవ మీద పడవ ప్రయాణం: రాత్రికి ఎక్కడ కట్టాలి, ఎక్కడ కట్టకూడదు

నారోబోట్ (కాలవల్లో తిరిగే సన్నటి, పొడవాటి పడవ) అద్దెకు తీసుకుని కాలవ మీద తిరిగొచ్చామని చెప్పగానే మాంచెస్టర్, బర్మింగ్‌హామ్ వైపు ఉండే మన స్నేహితులు మొదట అడిగేది పడవ నడపడం కష్టమా అని. ఒక పూటలో వచ్చేస్తుంది. లైసెన్సు అక్కర్లేదు, గంటకు 4 మైళ్ళకు మించి పోకూడదు, పడవ అద్దెకిచ్చే యార్డువాళ్ళు పక్కన నిలబడి నేర్పించే పంపిస్తారు. చుక్కాని ఎడమకు తోస్తే పడవ ముక్కు కుడికి తిరుగుతుంది. అది చేతికి అలవాటైతే చాలు. అసలు టెన్షన్ సాయంత్రం ఐదు దాటాక మొదలవుతుంది. ఈ రాత్రికి పడవ ఎక్కడ కట్టాలి? అక్కడున్న బోర్డు మనకు వర్తిస్తుందా? ఈ విషయం ముందే తెలుసుకుని వెళ్తే ప్రయాణం హాయిగా సాగుతుంది. అందుకే చూసిన ఊళ్ళ కంటే పడవ కట్టిన చోట్ల గురించే ఎక్కువ రాస్తున్నాను.

మేం ఎంచుకున్నది లంగోలెన్ కాలవ. ఇంగ్లండ్‌లోని హర్ల్‌స్టన్ దగ్గర మొదలై వేల్స్‌లోని హార్స్‌షూ ఫాల్స్ దాకా 46 మైళ్ళు ఉంటుంది. రెన్‌బరీ దగ్గర పడవ ఎక్కి లంగోలెన్ వెళ్ళి, తిరిగి అక్కడికే వచ్చాం. మేమిద్దరం, పిల్లలు, అమలాపురం నుంచి వచ్చిన మా నాన్నగారు. కోనసీమ కాలవల్లో గట్టు మీద మనుషులు మోకు పట్టుకుని పడవల్ని లాక్కెళ్ళడం ఆయన చిన్నప్పుడు చూశారు. ఇక్కడ ఆ పని గుర్రాలు చేసేవి. అందుకే కాలవ పొడవునా ఒక పక్క నడకదారి ఉంది. దాన్ని టోపాత్ అంటారు. రాత్రికి పడవ కట్టుకునేది కూడా ఈ టోపాత్ పక్కనే.

ముందు రూల్స్ సంగతి. ఇంగ్లండ్, వేల్స్‌లలో దాదాపు 2,000 మైళ్ళ కాలవలు, నదులు కెనాల్ అండ్ రివర్ ట్రస్ట్ చూసుకుంటుంది. 2012లో బ్రిటిష్ వాటర్‌వేస్ నుంచి ఈ బాధ్యత తీసుకుంది. బోర్డేమీ లేని టోపాత్ పక్కన మామూలుగా 14 రోజుల దాకా ఉండొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు. ఈ 14 రోజుల లెక్క 1995 నాటి చట్టంలో ఉంది. సొంత రేవు లేకుండా పడవలోనే కాపురం ఉండేవాళ్ళు ఒకేచోట అంతకుమించి ఉండకూడదని రాశారు. సెలవులకు వచ్చిన మనలాంటి వాళ్ళకు ఆ పరిమితితో పనే పడదు. ఊళ్ళ దగ్గర, చూడదగ్గ చోట్ల పెట్టిన విజిటర్ మూరింగ్ (వచ్చిపోయేవాళ్ళు పడవ కట్టుకునే చోటు) బోర్డుల దగ్గరే తికమక. ఒకచోట 24 గంటలు, ఇంకోచోట 48 గంటలు, మరోచోట 7 రోజులు. కొన్ని బోర్డుల మీద ఏప్రిల్ నుంచి అక్టోబర్ దాకా ఒక పరిమితి, చలికాలంలో ఇంకో పరిమితి ఉంటుంది. కొన్నిచోట్ల ఒకసారి వెళ్ళాక ఇన్ని రోజుల్లోపు మళ్ళీ రాకూడదనో, నెల మొత్తం మీద ఇన్ని రోజులేననో ఉంటుంది. గడువు దాటి ఉంటే రోజుకు 25 పౌండ్లు కట్టాలని రాసిన బోర్డులూ ఉన్నాయి.

బోర్డు దగ్గర ఆగినప్పుడు మూడు సంగతులు చూడాలి: ఎంతసేపు, ఏ నెలల్లో, మళ్ళీ ఎప్పుడు రావొచ్చు. బాణం గుర్తు ఉంటే ఆ హద్దు ఎటువైపు, ఎక్కడిదాకా అన్నది కూడా చూసుకోవాలి. ఒక ఊళ్ళో (పేరెందుకులెండి) ఒకే ఒడ్డు మీద ఒక చివర 48 గంటల బోర్డు, రెండో చివర 24 గంటల బోర్డు ఉన్నాయి. రెండింటి బాణాలూ మధ్యకే చూపిస్తున్నాయి. మా పడవ సరిగ్గా ఆ మధ్యలో ఉంది. పక్క పడవ ఆయన్ని అడిగితే 48 అన్నాడు, కుక్కతో నడుస్తూ వచ్చిన ఆవిడ 24 అంది. ఇద్దరూ ఏళ్ళ తరబడి అక్కడ తిరిగేవాళ్ళే! కాలవ మీద ఏళ్ళు గడిపినవాళ్ళకే ఏకాభిప్రాయం లేని బోర్డు చూసి కొత్తగా వచ్చిన కుటుంబం ఏం అర్థం చేసుకుంటుంది? వానల్లో రంగు వెలిసిన బోర్డులు తీసేసి ఊరికి ఒకే పరిమితి, ఒకే బోర్డు పెడితే అందరికీ మేలు. ఇలాంటి సందేహం వస్తే తక్కువ గంటలే లెక్కలోకి తీసుకోండి. అద్దె పడవలో వచ్చినవాళ్ళు ఒకేచోట రెండో రాత్రి ఉండే సందర్భం ఎటూ తక్కువే.

బోర్డు లేకపోయినా కట్టకూడని చోట్లు కొన్ని ఉన్నాయి. లాకులకు (నీళ్ళు నింపి, వదిలి పడవను ఎత్తు మార్చి దాటించే గేట్ల గదులకు) ముందు, తర్వాత ఇనుప దిమ్మెలు ఉంటాయి. అవి లాకు పని చేయించే మనిషి దిగడానికే. అక్కడ రాత్రికి కట్టడం బస్టాపులో కారు పెట్టడం లాంటిదే. నీళ్ళ కుళాయి దగ్గర, వంతెన కింద, మలుపులో, పెద్ద పడవలు వెనక్కి తిరిగే వెడల్పాటి చోట కట్టకూడదు. టోపాత్‌కు అవతలి ఒడ్డు చాలావరకు రైతులదో, ఇళ్ళవాళ్ళదో. అక్కడ కట్టాలంటే వాళ్ళ అనుమతి ఉండాలి. ఏడాదికి డబ్బు కట్టి తీసుకున్న పర్మనెంట్ రేవుల్లో ఖాళీ కనబడినా అది మనది కాదు. లండన్‌లో ప్యాడింగ్టన్ వైపు వెళ్ళేవాళ్ళకు లెక్క వేరు. అక్కడ రెంబ్రాంట్ గార్డెన్స్ లాంటి చోట్ల ముందే బుక్ చేసుకోవాలి.

ఇక పడవ కట్టే పద్ధతి. ఒడ్డుకు ఇనుప రేకు కొట్టి ఉంటే పని సులువు. రేకుకు, దాని మీద అడ్డంగా ఉన్న పట్టీకి మధ్య సందులో కొక్కెం దించి, దాని కన్నంలోంచి మోకు తిప్పి పడవకే తెచ్చి కట్టాలి. రేకు లేకపోతే సుత్తితో గడ్డిలోకి ఇనుప మేకులు దిగ్గొట్టాలి. మేకు నిటారుగా కాకుండా తల పడవకు దూరంగా వాలేలా కొట్టమని, ముందు మోకు ముందుకు, వెనక మోకు వెనక్కి ఏటవాలుగా లాగి కట్టమని యార్డులో చూపించారు. ఎవరైనా జోరుగా పక్కనుంచి వెళ్ళారంటే మన పడవ ముందుకీ వెనక్కీ ఊగుతుంది, నేల మెత్తగా ఉంటే మేకు ఊడొస్తుంది. కట్టి ఉన్న పడవల పక్కన ఇంజిన్ బాగా తగ్గించి వెళ్ళడం ఇక్కడి మర్యాద. ఆ మేకుల తలలకు తెల్ల ప్లాస్టిక్ సంచి కట్టడం నాన్నగారు పక్క పడవ వాళ్ళని చూసి నేర్చుకున్నారు. చీకట్లో నడిచేవాళ్ళ కాలికి తగలకుండా రోజూ ఆ పని ఆయనే చేశారు.

రెన్‌బరీ దాటగానే ఎత్తే వంతెన వస్తుంది. రోడ్డు మీద కార్లు పోతుంటాయి. తాళంచెవి పెట్టి మీట నొక్కితే గేట్లు పడతాయి, వంతెన లేస్తుంది, పడవ వెళ్ళాక మళ్ళీ దించాలి. మా పెద్దాడికి ప్రయాణం మొత్తంలో బాగా నచ్చిన పని ఇదే. తర్వాత చెప్పుకోదగ్గది గ్రిండ్లీ బ్రూక్. మామూలు లాకులు మూడు, వాటి పైన మూడు లాకులు మెట్లలా ఒకదాన్నొకటి అంటుకుని ఉంటాయి. పైకి వెళ్ళే పడవకు పై గదులు ముందే నిండి ఉండాలి, లేదంటే వరస తప్పుతుంది. సీజన్‌లో లాక్ కీపర్లు ఉంటారు, చాలా ఓపికగా చెప్పి చేయిస్తారు. వేసవిలో మధ్యాహ్నానికి క్యూ పెరుగుతుంది. పొద్దున్నే చేరుకోండి. రాత్రికి అక్కడే ఉండాలనుకుంటే లాకుల దిమ్మెలు వదిలి, దాటి కొంచెం దూరం వెళ్ళి కట్టండి.

విట్‌చర్చ్ ఊరు ప్రధాన కాలవకు కాస్త దూరం. చిన్న పాయ ఒకటి ఊరి వైపు వెళ్తుంది, కానీ సామాన్లతో నడక తప్పదు. సరుకులకు ఎల్స్‌మియర్ నయం. అక్కడ పాయ చివర, పాత గిడ్డంగి పక్కన పడవ కట్టి దిగితే సూపర్‌మార్కెట్ దగ్గరే. పెరుగు, పాలు, కూరగాయలు అన్నీ అక్కడ తీసుకున్నాం. మెర్సీ నది ఒడ్డునున్న ఎల్స్‌మియర్ పోర్ట్‌కు ఆ పేరు ఈ కాలవ ఒకప్పుడు భాగంగా ఉన్న ఎల్స్‌మియర్ కాలవ వల్లే వచ్చింది. పాయలో చోటు సాయంత్రానికి నిండిపోతుంది. మేం మధ్యాహ్నం సరుకులు కొనుక్కుని బయటికి వచ్చేశాం, అదే మంచిదైంది.

ఎందుకంటే ఎల్స్‌మియర్‌కు దగ్గర్లోనే బ్లేక్ మియర్ ఉంది. మంచు యుగంలో ఏర్పడిన చెరువు అది. కాలవ దాని ఒడ్డు వెంటే వెళ్తుంది. ఒక పక్క చెరువు, ఒక పక్క చెట్లు, మధ్యలో మన పడవ. కరెంటు లేదు, కుళాయి లేదు, దుకాణం లేదు. అయినా రాత్రి బసల్లో నా మొదటి మార్కు దీనికే. మొత్తం ప్రయాణంలో నాన్నగారు రాత్రి పదింటి దాకా బయట కూర్చున్నది ఇక్కడే. ఈ చోటు అందరికీ తెలిసిందే కాబట్టి నాలుగు దాటాక దొరుకుతుందన్న ఆశ పెట్టుకోకండి.

చిర్క్ దగ్గర 1801 నాటి అక్విడక్ట్ (కాలవను లోయ మీదుగా దాటించే వంతెన) మీదుగా ఇంగ్లండ్ నుంచి వేల్స్‌లోకి వెళ్తాం. పక్కనే ఇంకా ఎత్తులో రైలు వంతెన ఉంటుంది. వెంటనే సొరంగం, సుమారు 420 మీటర్లు. ఎదురుగా లైటు కనబడితే ఆగాలి, రెండు పడవలు పట్టవు. సొరంగం తర్వాత చెట్ల మధ్య కట్టుకోవచ్చు. ప్రశాంతంగా ఉంటుంది, కాకపోతే పగలు కూడా నీడే, సోలార్ ప్యానెల్ ఉన్న పడవలకు ఉపయోగం తక్కువ.

పొంట్‌కసుల్తే అక్విడక్ట్ గురించి ఎంత విన్నా దాని మీదికి వెళ్ళినప్పుడు కలిగేది వేరు. 1805లో పూర్తయింది. థామస్ టెల్ఫోర్డ్, విలియం జెస్సప్‌ల పని. డీ నదికి 38 మీటర్ల ఎత్తున 307 మీటర్ల పొడవు ఇనుప తొట్టిలో కాలవ వెళ్తుంది. 2009లో యునెస్కో వారసత్వ జాబితాలోకి ఎక్కింది. టోపాత్ వైపు కమ్మీలు ఉన్నాయి. రెండో వైపు ఏమీ లేదు. తొట్టి అంచు నీటికి కాస్త పైన ఆగిపోతుంది, దాని తర్వాత గాలే. పిల్లలకు లైఫ్ జాకెట్లు వేసి పడవ లోపల కూర్చోబెట్టాం. నాన్నగారు మాత్రం చుక్కాని దగ్గరే నిలబడి, "మన పి.గన్నవరం అక్విడక్ట్ కూడా ఇలాంటి పనేరా, వైనతేయ మీద కాలవని దాటించారు" అన్నారు. నిజమే. అది 1850ల నాటిది, కాటన్ దొర హయాంలోది. పక్కన కట్టిన కొత్తదానికి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు.

అక్విడక్ట్ దాటగానే వచ్చే ట్రెవర్‌లో రాత్రి బస నేను సిఫారసు చేయను. అద్దె పడవలు, పగటి పూటకే తీసుకునే పడవలు, చూడ్డానికొచ్చిన జనం, అంతా ఒకచోటే. భోజనానికి ఆగి కదిలిపోవడం మేలు. అక్కడి నుంచి లంగోలెన్ దాకా కాలవ రాయి తొలిచినంత ఇరుకు. కొన్నిచోట్ల ఒక్క పడవే పడుతుంది. ఒకరు ఫోన్ పట్టుకుని టోపాత్ మీద ముందు నడిచి ఎదురు పడవ లేదని చెప్పాకే కదలాలి. పైగా హార్స్‌షూ ఫాల్స్ నుంచి హర్ల్‌స్టన్ రిజర్వాయర్‌కు తాగునీరు ఈ కాలవలోనే వెళ్తుంది కనక నీటికి వాలు ఉంది. వెళ్ళేటప్పుడు పడవ నెమ్మది, వచ్చేటప్పుడు త్వరగా సాగుతుంది. టైము లెక్కలో ఇది కలుపుకోండి.

లంగోలెన్ బేసిన్‌లో (పడవలు కట్టుకునే వెడల్పాటి రేవులో) రాత్రికి రుసుము ఉంటుంది. ఎంతో, ఎలా కట్టాలో ట్రస్ట్ వెబ్‌సైట్‌లో ముందే చూసుకోండి. కరెంటు, నీళ్ళు ఉన్నాయి, ఊరు కిందనే, ఆవిరి రైలు స్టేషను నడిచేంత దూరం. పెద్దవాళ్ళతో వచ్చినవాళ్ళకు ఒక రాత్రికి ఆ డబ్బు దండగ కాదు. జూలైలో మాత్రం 1947 నుంచి జరుగుతున్న అంతర్జాతీయ సంగీతోత్సవం రోజుల్లో వస్తే కిక్కిరిసి ఉంటుంది. బేసిన్ దాటి ముందుకు ఇంజిన్ పడవలు వెళ్ళకూడదు. అటు గుర్రం లాగే పడవ ఉంది, హార్స్‌షూ ఫాల్స్ దాకా కాలినడకన కూడా వెళ్ళొచ్చు.

సౌకర్యాల సంగతి: నీళ్ళ ట్యాంకు రోజూ నింపుకోండి, కుళాయి కనబడితే వదలొద్దు. గ్యాస్ పొయ్యి మీద కుక్కర్ బాగానే పనిచేసింది. పడవ కట్టి ఉన్నప్పుడు రాత్రి 8 నుంచి ఉదయం 8 దాకా ఇంజిన్ నడపకూడదు కాబట్టి ఫోన్లు రాత్రి 8 లోపే ఛార్జి చేసుకోవాలి. కాలవ పక్క పబ్బుల్లో కొన్ని తమ దగ్గర భోంచేసేవాళ్ళకు రాత్రికి కట్టుకోనిస్తాయి, కౌంటర్లో అడిగి కట్టండి. అద్దె వేసవిలో వారానికి వెయ్యి పౌండ్లు దాటుతుంది. స్కూళ్ళు తెరిచిన సెప్టెంబరులో ధరా తగ్గుతుంది, చోటూ దొరుకుతుంది.

రెండు రాత్రులే చేతిలో ఉంటే రెన్‌బరీ నుంచి మొదలుపెట్టకండి, లాకులకే టైము సరిపోతుంది. చిర్క్ వైపు పడవ తీసుకుని మొదటి రాత్రి లంగోలెన్ బేసిన్‌లో, మర్నాటి రాత్రి చిర్క్ చెట్ల కింద ఉండండి. ఆ దారిలో లాకు ఒక్కటీ లేదు.