స్టెంట్ వేసుకున్నవాళ్లని డెంటల్ క్లినిక్‌కి తీసుకెళ్తున్నారా? జాగ్రత్త

దిల్‌సుఖ్‌నగర్‌లో "ఎక్స్‌రే ఉచితం" అని ఫ్లెక్సీ కట్టిన క్లినిక్ సంగతి ఇది. పేరు రాయను, అటు వెళ్లేవాళ్లకి తెలుస్తుంది. బాబాయ్‌కి దవడ పన్ను తీసి ఇంప్లాంట్ (ఎముకలో బిగించే కృత్రిమ పన్ను) వేస్తామని రూ. 20,000 అడ్వాన్స్ కట్టించుకున్నారు. ఆయనకి గుండెపోటొచ్చి స్టెంట్ (గుండె రక్తనాళం మూసుకుపోకుండా పెట్టే తీగ గొట్టం) వేసి నాలుగు నెలలే అయింది. రక్తం గడ్డ కట్టకుండా రోజూ ఆస్పిరిన్ 75, క్లోపిడోగ్రెల్ 75 వేసుకుంటున్నారు.

నిన్న రిసెప్షన్ నుంచి ఫోన్. "రక్తం పల్చబడే మాత్రలు వాడుతుంటే ఐదు రోజులు ఆపి రండి." ఏ డాక్టర్ చెప్పారంటే, "అందరికీ ఇదే చెప్తామండీ." వెళ్లి ఫైలు తీయించాం. బీపీ, షుగర్, గుండె జబ్బు, వాడే మందులు, అన్నిటి ఎదురుగా "లేదు" అని టిక్కులు! ఒక్క ప్రశ్న అడక్కుండా నింపేసి కింద సంతకం పెట్టించుకున్నారు. డాక్టర్ని నిలదీస్తే "గుండె సంగతి మీ గుండె డాక్టర్ చూసుకుంటాడు, మాది పన్ను వరకే" అన్నాడు. వాళ్లు వాడే మత్తు ఇంజెక్షన్‌లో అడ్రినలిన్ కలిసి ఉంటుంది, అది గుండె మీద పనిచేసే మందు. అది వేసే మనిషి అనే మాటా ఇది? అడ్వాన్స్ వెనక్కి ఇవ్వరట.

గుండెపోటు తర్వాత స్టెంట్ వేస్తే ఆ రెండు మాత్రలూ కలిపి మామూలుగా 12 నెలలు వాడతారు. మొదటి నెలల్లో స్టెంట్ తీగల మీద రక్తనాళపు లోపలి పొర పూర్తిగా పరుచుకోదు. మాత్ర ఆపితే అక్కడే గడ్డ కట్టి మళ్లీ గుండెపోటు రావచ్చు, ప్రాణమే పోవచ్చు. పన్ను తీసిన చోట రక్తం కాస్త ఎక్కువసేపు కారినా ఆపే పద్ధతులున్నాయి. గుంతలో జెలటిన్ స్పాంజ్ పెట్టి కుట్లు వేస్తారు, గాజుగుడ్డ 20–30 నిమిషాలు గట్టిగా కొరికి పట్టమంటారు, అవసరమైతే 5 శాతం ట్రానెక్సమిక్ యాసిడ్ ద్రావణం వాడతారు. ఒక్కసారే ఎక్కువ పళ్లు తీయరు. ఇంప్లాంట్ లాంటి తొందరలేని పనైతే వాయిదా వేస్తారు. గుండె డాక్టర్‌తో మాట్లాడకుండా మాత్ర మాత్రం ఆపించరు.

గుండె వాల్వ్ మార్పించుకుని, రక్తం గడ్డ కట్టకుండా అసిట్రోమ్, వార్ఫరిన్ లాంటి మాత్రలు వాడేవాళ్లకి వేరే లెక్క. పన్ను తీసే ముందు, వీలైతే 24 గంటల్లోపు, ఐఎన్ఆర్ (రక్తం ఎంత ఆలస్యంగా గడ్డ కడుతుందో చూపే పరీక్ష) చూడాలి. 4 దాటితే తీయకూడదు. కృత్రిమ వాల్వ్ ఉంటే వాల్వ్‌కి ఇన్ఫెక్షన్ రాకుండా 30–60 నిమిషాల ముందు అమాక్సిసిలిన్ అనే యాంటీబయాటిక్ 2 గ్రాములు ఇస్తారు, పెన్సిలిన్ పడనివాళ్లకి వేరే మందు. తర్వాత చీటీలో మెట్రోనిడజోల్ అనే యాంటీబయాటిక్ కనిపిస్తే తప్పకుండా అడగండి, అది ఐఎన్ఆర్‌ని పెంచేస్తుంది. నొప్పికి డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వద్దు, పారాసెటమాల్ మేలు. ఎముకలకి జోలెడ్రానిక్ యాసిడ్ ఇంజెక్షన్ తీసుకున్నవాళ్లూ ముందే చెప్పాలి, పన్ను తీశాక దవడ ఎముక చచ్చుబడే ప్రమాదం ఉంది.

డిశ్చార్జ్ సమ్మరీ, మందుల చీటీ పట్టుకెళ్లండి. ఫారం మీరే నింపి ఫొటో తీసుకోండి. డబ్బు ఇవ్వకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915, వైద్యంలో తప్పు జరిగితే డెంటల్ కౌన్సిల్.